వేరియబుల్‌కీ ఇంటిపేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

యాన్సిబుల్ (చాలా సర్వర్లకు ఒకేసారి సెట్టింగ్స్ పెట్టే సాధనం) నేర్చుకుంటే వంద సర్వర్లనైనా ఒక్కరే చూసుకోవచ్చని మీ కెరీర్ పేజీలో రాశారు. నిజమే. తప్పు చేస్తే అది కూడా వంద సర్వర్లలో ఒకేసారి పడుతుందని ఒక్క ముక్క రాయాల్సింది.

పద్దెనిమిదేళ్లుగా సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నాను. మా దగ్గర ఎక్కువ ఉబుంటు లినక్స్, కొన్ని రాకీ లినక్స్, బ్యాకప్ కోసం నాలుగు ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ కాని మరో ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లు. ఫ్రీబీఎస్‌డీలో సుడో (మామూలు యూజర్‌కి అడ్మిన్ అధికారం ఇచ్చే ప్రోగ్రామ్) తన ఫైళ్లను '/ఈటీసీ'లో చూడదు, '/యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ'లో చూస్తుంది. అందుకే యాన్సిబుల్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే 'కాన్ఫ్_డిర్' అనే వేరియబుల్‌కి (విలువ దాచుకునే పేరు) ఆ నాలుగింటి గ్రూపులో వేరే విలువ ఇచ్చాం. ఏళ్ల తరబడి బాగానే నడిచింది.

ఈమధ్య కొత్తగా చేరిన కుర్రాడు లినక్స్ సర్వర్లలో టైమ్ సరిచేసే 'క్రోనీ' ప్రోగ్రామ్ కోసం ఒక రోల్ (ఒక పనికి కావలసిన యాన్సిబుల్ ఆదేశాల కట్ట) రాశాడు. అందులోనూ 'కాన్ఫ్_డిర్' అనే పేరే, విలువ '/ఈటీసీ'. దాన్ని రోల్ తాలూకు 'వార్స్' ఫోల్డర్‌లో పెట్టాడు. ఫ్రీబీఎస్‌డీ మీద ఆ రోల్ పని చేయకుండా కండిషన్ కూడా పెట్టాడు, పాపం. నేనూ చూసి ఓకే అన్నాను. పనైతే ఆగింది గానీ వేరియబుల్ ఆగలేదు. ఒక ప్లేలో (ఒకే దఫాలో నడిపే రోల్స్ వరసలో) ఒక రోల్ 'వార్స్' మిగతా రోల్స్‌కీ కనిపిస్తాయి, పైగా గ్రూపు ఇచ్చిన విలువను తొక్కేస్తాయి. సుడో రోల్ ఆ ఫ్రీబీఎస్‌డీ సర్వర్లలోకి వెళ్లి '/ఈటీసీ'లో కొత్త ఫోల్డర్ చేసి, ఎవరికి అనుమతి ఉందో చెప్పే కొత్త ఫైల్ అందులో పెట్టి వచ్చింది. తెర మీద ఒక్క ఎర్ర గీత లేదు.

వారం తర్వాత రాత్రి రెండున్నరకి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఫోన్. "సార్, బ్యాకప్ డిస్క్ నిండిపోయింది. సుడో పాస్‌వర్డ్ తీసుకుంటోంది గానీ, నువ్వు లిస్టులో లేవంటోంది." ఇన్వెంటరీ (సర్వర్లు, గ్రూపులు, వాటి విలువల జాబితా) చూపే కమాండ్ కొడితే విలువ సరిగ్గానే చూపించింది. గంటసేపు దాన్నే నమ్మి కూర్చున్నాను. అది ఇన్వెంటరీ వరకే చెబుతుంది, రోల్స్ సంగతి దానికి తెలియదు. చివరికి సుడో రోల్ టాస్క్ ముందు, అప్పటి విలువను చూపే ఒక డీబగ్ లైన్ పెడితే '/ఈటీసీ' అని బయటపడింది.

యాన్సిబుల్ డాక్యుమెంటేషన్‌లో ఏ వేరియబుల్ మాట నెగ్గుతుందో 22 మెట్లు రాసి ఉన్నాయి. అన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. మా ఊళ్లో వెంకటేశ్వర్లు అని పిలిస్తే నలుగురు పలుకుతారు, అందుకే ఇంటిపేరు ముందు పెట్టి పిలుస్తాం. వేరియబుల్‌కీ రోల్ పేరు ముందు తగిలిస్తే సరిపోతుంది: 'క్రోనీ_కాన్ఫ్_డిర్'. సర్వర్‌ని బట్టి మారే విలువైతే 'వార్స్'లో కాకుండా 'డిఫాల్ట్స్'లో పెట్టాలి, అప్పుడు గ్రూపు మాట చెల్లుతుంది.

అమీర్‌పేటలో శిక్షణ ఇచ్చేవాళ్లకి నా మనవి ఒక్కటే. ప్రాక్టీసుకి పిల్లల చేతికి అన్నీ ఉబుంటు మెషీన్లే ఇవ్వకండి. ఒక్క ఫ్రీబీఎస్‌డీ వీఎం (వర్చువల్ మెషీన్) కలపండి, అది ఉచితమే. లినక్స్‌లో ఉండే రూట్ అనే గ్రూపు కూడా అందులో ఉండదు, దాని బదులు వీల్ ఉంటుంది. అక్కడ తడబడితే నష్టమేమీ లేదు.

మా దగ్గర ఇంకా 'పోర్ట్' అనే ఒకే వేరియబుల్ పేరు వాడే మూడు రోల్స్ మిగిలాయి. ఈ ఆదివారం వాటి పని పట్టాలి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్,
కూకట్‌పల్లి, హైదరాబాద్