గోడ మీద సుద్దగీతలు

పొందూరు,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జమ్మకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నాన్న పొలం నుంచి ఇప్పుడే వచ్చి పడుకున్నారు. ఇల్లు నెమ్మదిగా ఉంది కాబట్టి రాయడానికి కూర్చున్నాను. ఇది ఫోనులో చెప్పే విషయం కాదు. ఫోనులో అయితే విని సరేనంటావు, మర్నాటికి మరిచిపోతావు. కాగితమైతే ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటీ చేసుకుంటావని ఆశ.

భోగి నాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయడానికి కూర్చున్నావు, గుర్తుందా? నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. గొంతుక్కూర్చోగానే నీ మడమలు రెండూ నేల విడిచి లేచిపోయాయి. మునివేళ్ళ మీద ఊగుతూ, ఒక చెయ్యి నేలకి ఆనించి, రెండో చేత్తో ముగ్గు పోశావు. నాలుగు చుక్కలు పెట్టి నడుం పట్టుకున్నావు. లేచేటప్పుడు అరుగు స్తంభం పట్టుకుని లేచావు. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్లవి. ఆ వాకిట్లోనే తొక్కుడుబిళ్ళ ఆడినప్పుడు ఒంటికాలి మీద వంగి బిళ్ళ తీసేదానివి. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. పండగపూట ఏమంటానులే అని ఊరుకున్నాను.

నేను ఊరుకోవడం వల్ల ఏం జరిగిందో ముందు అది చెప్తాను. నీకు కొంత తెలుసు, పూర్తిగా తెలీదు. నువ్వు కొత్త ఉద్యోగంలో ఉన్నావని అప్పుడు చెప్పలేదు.

నా ఎడమ జబ్బ నొప్పి మొదట రాట్నం దగ్గరే తెలిసింది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంది, ఎడంచెయ్యి ఏకు పట్టుకుని నూలు లాగుతుంది. ఎడంచెయ్యి ఎంత వెనక్కి, ఎంత పైకి సాగితే పోగు అంత పొడుగొస్తుంది. నాకు ఎప్పుడూ మూర దాటి వచ్చేది. ఒక కార్తీకమాసంలో చూసుకుంటే జానెడు దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. వంద నంబరు నూలు, అంటే చాలా సన్ననూలు, తీసే చెయ్యి అది. చలికి పట్టేసిందనుకున్నాను. తర్వాత జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు. ఆ తర్వాత రవికె హుక్కులు నాన్నే పెట్టాల్సి వచ్చింది. రాత్రి ఆ పక్కకి తిరిగితే మెలకువ వచ్చేసేది. వీధిలో అందరూ ఒకటే మాట, "ఏటే, సెయ్యెత్తలేకపోతన్నావా? కదపకుండా ఉంచు, అదే తగ్గిపోద్ది." నేనూ అదే నమ్మి చేతిని ఒంటికి ఆనించుకుని నెలల తరబడి కూర్చున్నాను. పక్క ఊళ్ళో ఒకాయన చేత్తో సరిచేస్తాడంటే వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. వారం రోజులు అన్నం తినేటప్పుడు కూడా ఎడంచేతిని ఒంటికి అదుముకునే కూర్చున్నాను.

ఆఖరికి చిలకపాలెం మీదుగా శ్రీకాకుళం వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుంటే, దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, షుగరున్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది అన్నారు. భుజం కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర దళసరెక్కి, ముడుచుకుపోతుందట. మొదట నొప్పి, తర్వాత బిగుసుకోవడం, ఆ తర్వాత మెల్లగా సడలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టొచ్చట. కదపకుండా పెట్టుకుంటే బిగువు ఇంకా పెరుగుతుందట. గుంజినా చేటే. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నీ వయసుదే. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "అమ్మా, దీన్ని బెదిరించకూడదు, రోజూ పలకరించాలి" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

తనే చెప్పింది, కీలులో ఎముకల కొసలకి మెత్తటి మృదులాస్థి తొడుగు ఉంటుందని. దానికి నెత్తురు నాళాలు ఉండవట. కీలులో ఊరే జిగురునీరే దానికి తిండి. కీలు కదిలి, ఒత్తుకుని, వదులైనప్పుడు స్పంజి నీళ్ళు పీల్చుకున్నట్టు ఆ నీటిని పీల్చుకుంటుందట. మనం కదురుకి నూనె చుక్క వేసి తిప్పుతాం. కీలుకి అలా కాదు, తిప్పితేనే నూనె వచ్చి చేరుతుంది. నువ్వు పది గంటలు కుర్చీలో కదలకుండా ఉన్నావంటే నీ మోకాలికి, తుంటికి పది గంటలు పస్తు పెట్టినట్టే. ఈ ఒక్క మాటా నీ బుర్రలో ఉంటే చాలు, మిగతావన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

తను నేర్పిన వాటిలో మొదటిది ఊపు. బల్ల మీద కుడిచెయ్యి ఆనించి ముందుకి వంగాలి. ఎడంచేతిని బావిలోకి వదిలిన చేదలా వేలాడనివ్వాలి. చేతిని చేత్తో ఊపకూడదు, ఒళ్ళు కొంచెం ఊగితే చెయ్యి దానంతట అది చిన్న సున్నా చుడుతుంది. అటు పదిసార్లు, ఇటు పదిసార్లు. రెండోది గోడ ఎక్కడం. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో బల్లిలా మెల్లగా పైకి పాకాలి. లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగి పదిహేను ఇరవై లెక్కపెట్టి దిగాలి. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టమంది. మన వెనక గదిలో తలుపు పక్కన గోడ మీద గీతలున్నాయే, అవి పాలలెక్క అనుకున్నావు. కావమ్మా, నా చెయ్యి ఎక్కిన మెట్లు అవి. మొదటి గీత నా గెడ్డం ఎత్తులో ఉంది. మూడు వారాలు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఒక వేలెడు పైకి, ఒక రోజు కిందకి, మళ్ళీ పైకి. ఒక తప్పు మాత్రం చేసేదాన్ని. వేళ్ళు పైకి పోవాలని భుజాన్ని చెవి దాకా ఎత్తేసేదాన్ని. అలా చేస్తే గీత ఎక్కుతుంది కానీ కీలు కదలదు. అద్దం పెట్టుకుని చూసుకున్నాక మానుకున్నాను.

రోజూ వేణ్ణీళ్ళ స్నానం అవగానే చేసేదాన్ని. వెచ్చగా ఉన్న ఒళ్ళు మాట వింటుంది. ఏడాదిన్నర పట్టింది. మళ్ళీ పోగు మూర దాటిన రోజున నూలు చిలప చుట్టకుండా అలాగే కాసేపు చూస్తూ కూర్చున్నాను. చెయ్యి వీపు వెనక్కి ఇప్పటికీ రెండు అంగుళాలు తక్కువే పోతుంది.

ఇక నీ సంగతి. నీకు జబ్బేమీ లేదు, వాడకం పోయింది అంతే. కుర్చీ, కారు, సోఫా, ఎత్తు మరుగుదొడ్డి. రోజు మొత్తంలో నీ మోకాలు గానీ తుంటి గానీ పూర్తిగా మడతపడే సందర్భమే లేదు. అందుకే ముగ్గు దగ్గర మడమ లేచింది. నాకు అనుమానం అసలు బిగువు చీలమండలోనూ, పిక్కలోనూ ఉందని. నువ్వే చూసుకో. చెప్పులు విప్పి గోడకి ఎదురుగా, బొటనవేలు గోడకి నాలుగు అంగుళాల దూరంలో ఉండేలా పాదం పెట్టు. మడమ లేవకుండా మోకాలు గోడకి తగలాలి. తగలకపోతే ఎంత దగ్గరకి జరిగితే తగులుతుందో అక్కడ గుర్తు పెట్టుకో. రెండు కాళ్ళకీ తేడా కూడా తెలుస్తుంది. అక్కడ నుంచే మోకాలిని గోడకి ఆనిస్తూ తీస్తూ పది పదిహేను సార్లు రోజూ చెయ్యి. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమని నెమ్మదిగా కిందకి దించి ముప్పై లెక్కపెట్టు. ఊపులు ఊపకు. ఊపితే కండ బెదిరి ఇంకా ముడుచుకుంటుంది.

తర్వాత గొంతుక్కూర్చోవడం. మడమల కింద దుప్పటి మడత పెట్టుకుని, తలుపు గుబ్బలు రెండూ రెండు చేతులతో పట్టుకుని కూర్చో. అర నిమిషం చాలు. కొన్నాళ్ళకి మడత పలచన చెయ్యి, తర్వాత తీసెయ్యి. మోకాలు కాలివేళ్ళు చూసే వైపే చూడాలి, లోపలికి పడకూడదు. మోకాలు పొడిచినట్టు అనిపిస్తే అంత లోతుకి వద్దు, కుర్చీ మీద కూర్చుని లేచే ఎత్తు నుంచి మొదలుపెట్టు. రాత్రి భోజనం నేల మీద మఠం వేసుకుని తిను. మోకాళ్ళు కిందకి వాలకపోతే పిరుదుల కింద దిండు పెట్టుకో, దానికి మొహమాటం ఎందుకు? టీవీ చూసేటప్పుడు పాదాలు రెండూ కలిపి సీతాకోకచిలుకలా మోకాళ్ళు పక్కలకి వాల్చు. వాటిని చేతులతో కిందకి నొక్కకు.

కూర్చుని కూర్చుని తుంటి ముందు కండ కురచబడుతుంది, నడుం నొప్పికి అదీ ఒక కారణం. ఒక మోకాలు నేల మీద మెత్తటి బట్ట వేసి పెట్టి, రెండో పాదం ముందుకి వేసి, నడుం వంచకుండా ఒళ్ళంతా కొంచెం ముందుకి జరుపు. తొడ ముందు భాగం లాగుతుంది. ముప్పై లెక్క, ఒక్కో వైపు రెండు మూడు సార్లు. మెడకి పెద్దగా ఏమీ చెప్పను. అరగంటకోసారి లేచి నీళ్ళు తాగిరా, అదే మందు.

సూర్య నమస్కారాలు నీకు చిన్నప్పుడే వచ్చు. రథసప్తమికి అరసవల్లి వెళ్ళి వచ్చాక కొన్నాళ్ళు ఉత్సాహంగా చేసేదానివి. పన్నెండు భంగిమల్లో వెన్ను ఒకసారి ముందుకి వంగితే మరోసారి వెనక్కి విరుచుకుంటుంది. తుంటి, భుజం, చీలమండ అన్నీ వంతులవారీగా పనిచేస్తాయి. కానీ ఈ మధ్య కొందరు నూటెనిమిది అని లెక్క పెట్టుకుని హడావిడిగా చేసెయ్యడం చూస్తున్నాను, అది నాకు నచ్చదు. ఊపిరి తెలుస్తూ ఆరు చేస్తే ఆరు దక్కుతాయి.

ఇంకో మాట. నీ కాలు నేను పట్టి ఎత్తితే ఒక ఎత్తు లేస్తుంది, నువ్వే ఎత్తితే మరో ఎత్తు. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా బలం లోటు. సాగడం ఒక్కటే ఉండి బలం లేకపోతే కీలు వదులు మడతబందులా అవుతుంది. మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒకసారి 110, మరోసారి 130 కేజీలు తలపైకి ఎత్తి కాంస్యం తెచ్చింది. అంత బరువు తలపైన నిలవాలంటే కండ ఒక్కటే చాలదు. భుజం పూర్తిగా తెరుచుకోవాలి, తుంటి, చీలమండ లోతుగా మడతపడాలి, మడతపడిన చోట నిలిచే సత్తువ ఉండాలి. నీకు బరువులు అక్కర్లేదు. పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు తిన్నగా ఒక అడుగు ఎత్తి అయిదు లెక్కపెట్టి దించు. పదిసార్లు. మోకాలికి అదే అండ.

మోకాలు టకటకమంటోందని అడిగావు. నొప్పీ వాపూ లేని చప్పుడుకి భయపడకు. మెటికలు విరిచినప్పుడు వచ్చేది కీలు నీటిలోని గాలిబుడగల చప్పుడే. కండ లాగుతున్నట్టు ఉంటే మంచిదే. సూది పొడిచినట్టో కలుక్కుమన్నట్టో ఉంటే ఆపెయ్యి. చేశాక నొప్పి రెండు గంటలు దాటి ఉందంటే ఆ రోజు ఎక్కువ చేశావని లెక్క, మర్నాడు తగ్గించు. కీలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం తగిలినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినా, కాలో చెయ్యో తిమ్మిరెక్కి పట్టు తప్పినా, రోజూ పొద్దున్న బిగువు అరగంట దాటి వదలకపోయినా వ్యాయామం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకి వెళ్ళు. నాలా నెలలు గడపకు. నాకు షుగరుంది కాబట్టి ఏడాదికోసారి నువ్వూ రక్తం చూపించుకో.

వచ్చే వారం మీ పిన్ని కొడుకు అటు వస్తున్నాడు. వాడి చేత జంతికలతో పాటు ఒక తువ్వాలు పంపుతున్నాను. ఒక కొస కుడి భుజం మీంచి వీపు వెనక్కి వదిలి, కింది కొస ఎడంచేత్తో అందుకుని, పైచేత్తో మెల్లగా లాగు. తర్వాత చేతులు మార్చు. మూడు మూరలుంటుంది. సన్ననూలుది కాదు, మోటుది. లాగినా చిరగదు. మొదటిసారి చల్లనీళ్ళలో విడిగా ఉతుకు, రంగు కొంచెం పోతుంది.

ఉంటాను,
మీ అమ్మ