162 సెంటీమీటర్ల అబద్ధం

సఖినేటిపల్లి,
శనివారం ఉదయం

ప్రియమైన చుక్కానికి,

నీ ఉత్తరం అంది నెల దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఈ నెలలో నువ్వు నన్ను తిట్టుకున్న తిట్లలో సగానికి నేను అర్హుణ్ణే. తక్కిన సగం దాళ్వా కోతల ఖాతాలో రాసుకో. ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తాను: అమ్మ కంటికి శుక్లం తీశారు, ఇప్పుడు పెరట్లో రాలిన కొబ్బరికాయను ఎవరు పట్టుకుపోయారో అరుగు మీద నుంచే చెబుతోంది, ధాన్యం కాటా అయింది, డబ్బు రావలసి ఉంది, చిన్నవాడి సంబంధం ఆ లంక దగ్గరే ఆగి ఉంది, ఏ లంకో నీకు తెలుసు.

జనవరిలో అమ్మాయిని తీసుకుని కాశ్మీరులోని గుల్మార్గ్ వెళతాననీ, అందుకు ఇప్పుడే స్నోబోర్డు, అదే రెండు పాదాలూ అడ్డంగా బిగించుకుని మంచు మీద జారే పలక, కొనేద్దామనుకుంటున్నాననీ, ఎంత పొడవుది కొనమంటావనీ రాశావు. ఆ ప్రశ్న చదివినప్పటి నుంచి నాకు కడుపులో ఒకటే గుబులు. ఫిబ్రవరిలో మేనల్లుడితో అక్కడికి వెళ్ళి పది రోజులు ఉండి వచ్చానని ఫోనులో చెప్పాను గాని, అక్కడ నేనాడిన అబద్ధం సంగతి నీకు చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన మేనల్లుడి నోరు మూయించడానికి ఇప్పటికి రెండుసార్లు రాజమండ్రి తీసుకువెళ్ళి బిర్యానీ పెట్టించాను.

బోర్డులు అద్దెకిచ్చే కొట్టులో కుర్రవాడు నన్ను అడిగిన మొదటి మాట, ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారని. పక్కన మేనల్లుడు ఉన్నాడు, వెనక వరుసలో పాతికేళ్ళు నిండని పిల్లలు పదిమంది ఉన్నారు, నాకేమో నలభై ఆరు. ‘మూడేళ్ళు’ అన్నాను. ఆ మూడేళ్ళు ఏవో నీకు వివరించనక్కరలేదు: ఏటిగట్టు మీద నుంచి తాటిమట్టల మీద కూర్చుని నువ్వూ నేనూ కిందికి జారిన మూడు వేసవులు. ఆ లెక్కన నువ్వూ అనుభవజ్ఞుడివే. ఎక్కడ తిరుగుతారని అతను మళ్ళీ అడిగాడు. గొండోలా, అదే అక్కడి రోప్‌వే, దాని రెండో దశ మనుషులను అఫర్వాత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు తీసుకుపోతుందని చదివి ఉన్నాను కనుక, ‘పై నుంచే’ అన్నాను. అతను మారు మాట్లాడకుండా నన్ను ఎగాదిగా చూసి, నా గడ్డం దాటి మూతి దాకా వచ్చే బోర్డు ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. దాని పొడవు 162 సెంటీమీటర్లు. తప్పు అతనిది కాదు. నేను వర్ణించిన మనిషికి అది సరిగ్గా తగిన బోర్డే.

ఆ బోర్డు ఎలాంటిదో చెబితే గాని నా అవస్థ నీకు అర్థం కాదు. తాటిదోనెకు బుర్ర ఒకవైపే ఉన్నట్టు దానికి ముక్కు పొడుగు, తోక కురచ. లోతైన మెత్తటి మంచులో ముక్కు మునగకుండా తేలడానికి అలా చేస్తారు. గట్టిదనం చెప్పాలంటే తాటి దూలమే. పైగా దానిది కాంబర్ వంపు, అంటే నేల మీద పెడితే బరువు మోస్తున్న కావడిబద్దలాగా నడుము పైకి లేచి, రెండు కొసల దగ్గర మాత్రమే ఆనుతుంది. ఎక్కినవాడి బరువుకు ఆ వంపు అణిగి, పక్కనున్న ఉక్కు అంచు పొడవునా మంచును కరిచి పట్టుకోవాలి. వేగంగా పోయేవాడికీ, కాళ్ళలో బలమున్నవాడికీ అది వరమే. 62 కిలోల నా ఒళ్ళు దాన్ని వంచలేకపోయింది. మలుపు తిప్పుదామంటే అది తిరగదు, నిలుపుదామంటే ఆగదు, చదునుగా పోతున్నప్పుడు పల్లం వైపు అంచు చటుక్కున మంచులో దిగి మనిషిని ధాన్యం బస్తాను విసిరినట్టు విసురుతుంది. మొదటి రోజు ఎన్నిసార్లు పడ్డానో మేనల్లుడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. వేళ్ళు చాలక, తరువాత బూట్లు విప్పుతానన్నాడు.

బూట్లంటే గుర్తొచ్చింది. నా పాదాలను నువ్వు ‘పడవలు’ అనేవాడివి కదా, ఆ పడవలు నన్ను అక్కడ నిజంగానే ముంచాయి. నా బూటు 11వ నంబరు. ఆ బోర్డు నడుము వెడల్పేమో 25 సెంటీమీటర్లే. బూటు కొద్దిగా అటూ ఇటూ బయటికి రావడం మామూలే గాని, నాది ఎంత బయటికి వచ్చిందంటే, వేళ్ళ వైపు వాలిన ప్రతిసారీ బూటు ముక్కు మంచును గీసుకుని అంచు పట్టు తప్పేది. ఆ పొరపాటు నాదని తెలియక మూడు రోజులు నా మోకాళ్ళను తిట్టుకున్నాను.

నాలుగో రోజు ఉదయం మా శిక్షకుడు, తంగ్‌మార్గ్ నుంచి రోజూ పైకి వచ్చే కుర్రాడు, నా బోర్డును తిరగేసి చూసి, ‘మీ బరువెంత?’ అని అడిగాడు. నా ఎత్తుతో ఆ బోర్డుకు పెద్దగా పనిలేదనీ, దానికి తెలిసేది పైనుంచి పడే బరువొక్కటేననీ చెప్పి, ఇంతకూ ఈ బోర్డు మీకు ఎవరిచ్చారని అడిగేసరికి నాకు దాచబుద్ధి కాలేదు. తాటిమట్టల సంగతితో సహా అంతా చెప్పేశాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నన్ను అటు తిరిగి నిలబడమని, వెనక నుంచి ఒక్క తోపు తోశాడు. పడబోయి కుడికాలు ముందుకు వేశాను. ‘గూఫీ’ అన్నాడు. తిట్టాడేమోనని ముఖం ముడుచుకున్నాను గాని, కుడికాలు ముందుండేవాళ్ళను అలా పిలుస్తారట; ఎడమకాలు ముందైతే రెగ్యులర్. మూడు రోజులూ నేను ఎడమకాలే ముందు బిగించుకున్నాను. మీ నాన్నగారి దమ్ము చేలో చదును బల్ల మీద నిలబడి ఎడ్లను తోలేటప్పుడు నేను ఏ కాలు ముందు పెట్టేవాణ్ణో, ఆయన నన్ను ఏమని పిలిచేవారో నీకు గుర్తుందా? గుల్మార్గ్‌లో ఆ మంచులో నిలబడి ఉండగా ఆయన గొంతు వినిపించినట్టయింది. ఆయన పోయి… సరే, ఆ మాట ఇప్పుడు వద్దు.

కొట్టుకు తిరిగి వెళ్ళి బోర్డు మార్చుకున్నాం. ఈసారి ఇచ్చింది 153 సెంటీమీటర్లది, నడుము 26 దాటిన వెడల్పు రకం. ముందూ వెనకా ఒకేలా ఉంటుంది కనుక, తెలియక వెనక్కు తిరిగిపోయినా అది మనల్ని తప్పుపట్టదు. పాదాల కింద చదునుగా ఉండి, కొసలు చేరకముందే మెల్లగా పైకి లేస్తుంది. అందువల్ల కొసన ఉన్న అంచు అనుకోకుండా మంచులో దిగడం తగ్గుతుంది. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా అంకెల్లో చెబుతారు; ఇది 3. ఒక కంపెనీ 3 మరో కంపెనీకి 5 కావచ్చునని, అంకెను నమ్మకుండా బోర్డును చేత్తో మెలితిప్పి చూడమన్నాడు శిక్షకుడు. ముందు పాదం 15 డిగ్రీలు ముందుకీ, వెనక పాదం 9 డిగ్రీలు వెనక్కీ తిప్పి, బాతు నిలుచున్నట్టు బిగించాడు. ఆ మధ్యాహ్నం, పిల్లలు నేర్చుకునే చిన్న వాలు మీద, మడమ వైపు నుంచి వేళ్ళ వైపుకు, మళ్ళీ మడమ వైపుకు, నేను పడకుండా నాలుగు మలుపులు తిరిగాను. నాలుగంటే నాలుగే. తెరచాపలో గాలి నిండగానే నావ ఒక్కసారి తేలికపడుతుంది చూడు, అలా ఉంది. అంతకు మించి రాయడం నాకు చేతకాదు. వచ్చినప్పుడు అరుగు మీద నిలబడి చేసి చూపిస్తాను.

ఈ ఆట పుట్టుక మేనల్లుడు చెప్పాడు. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలోని మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీలను, అంటే ఒక్కో కాలికి ఒకటి కట్టుకుని మంచు మీద జారే సన్నటి బద్దలను, పక్కపక్కన కలిపి బిగించాడట. దాన్ని స్నర్ఫర్ అన్నారు. రెండు తాటిదోనెలను కట్టి మనవాళ్ళు సంగడి చేసినట్టే కదా! 1998లో జపాన్‌లోని నాగానోలో ఈ ఆట ఒలింపిక్స్‌కు కూడా ఎక్కింది. మన సంగడి మాత్రం కాలువ దాటలేదు.

ఇక నీ సంగతి. నా అంకెలు నీకు పనికిరావు. నీ ఎత్తు 163, బరువు 84 కిలోలు (ఆత్రేయపురం పూతరేకులను కలపకుండా). బోర్డు గడ్డం దాకా రావాలనే కొలత పెడితే నీకు 142 ఇస్తారు, అది నీ కింద మెత్తటి మంచులో కూరుకుపోయి, కాస్త వేగం అందుకోగానే వణుకుతుంది. కొత్తవాడివైనా నువ్వు 155 దరిదాపుల్లో చూసుకో. నా దానికంటే ఒక పిసరు గట్టిదైనా నీ బరువుకు వంగుతుంది. నీ పాదం 7వ నంబరు కనుక వెడల్పు రకం వద్దు. చిన్న పాదంతో వెడల్పు బోర్డును ఒక అంచు మీది నుంచి రెండో అంచు మీదికి తేవడం కష్టం. ప్లాస్టిక్ పొడిని నొక్కి చేసిన సింటర్డ్ అనే అడుగుపొర ఉంటే బోర్డు వేగంగా పోతుందని కొట్టువాళ్ళు ఊరిస్తారు. దానికి తరచూ మైనం పట్టించాలి, నువ్వేమో సైకిలు గొలుసుకు కూడా నూనె వెయ్యనివాడివి. అసలు ఈ ఏడాది బోర్డు కొనకు, అద్దెకు తీసుకో. ఆ డబ్బుతో బూట్లు కొను. వేళ్ళు ముందు కొసను తగలాలి గాని ముడుచుకోకూడదు, మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు, ఒక్క జత మేజోళ్ళే వేసుకోవాలి. నేను చలికి భయపడి ఒక సైజు పెద్దవి తీసుకుని రెండు జతలు తొడిగాను. లోపల పాదం కుండలో ఉసిరికాయలా దొర్లింది.

అమ్మాయికి కూడా బరువును బట్టే తీసుకో. ఎదిగే పిల్ల కదా అని పావడాకు మడతలు వేసి కుట్టించినట్టు పెద్ద బోర్డు ఇప్పించావంటే, దాన్ని తిప్పలేక ఆ పిల్ల రెండో రోజే గదిలో కూర్చుంటుంది. కొట్టువాడు ఎన్నాళ్ళ అనుభవమని అడిగితే మాత్రం…

మేనల్లుడు బండి మీద నర్సాపురం బయలుదేరాడు, ఉత్తరం అక్కడ వేస్తానని గుమ్మంలో నిలబడి హారన్ మోగిస్తున్నాడు. అవతలి నుంచి గోదావరి దాటించే పంటు కూడా బయలుదేరిందట. ఇంకా బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బైండింగుల సంగతి రాయలేదు, వాటిలో నడుము వంచకుండా వెనక నుంచి కాలు దూర్చే రకం ఒకటుంది, నీ పొట్టకు అదే… మళ్ళీ రాస్తాను. తిరిగి చదువుకోలేదు, తప్పులుంటే దిద్దుకో.

నీ
పడవ పాదాలు