హమ్మింగ్‌బర్డ్ ఫీడర్ కడగడం గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన ఆదివారం తెలుగు తరగతుల పిల్లలు చాలామంది ఇళ్ల దగ్గర హమ్మింగ్‌బర్డ్ ఫీడర్లు, అంటే పూల తేనె తాగే ఆ చిన్న పిట్టల కోసం పంచదార నీళ్లు పోసి వేలాడదీసే సీసాలు, కట్టుకున్నారు. మన కాలిఫోర్నియా బే ఏరియాలో ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ అనే రకం ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి ఈ పనికి సెలవుల్లేవు. పంచదార నీళ్లు పోయడానికి పిల్లలు ఎగబడతారు. బద్ధకించేది కడగడం దగ్గర, పిట్టకు కీడు జరిగేదీ అక్కడే.

ముందు నీళ్ల సంగతి. కప్పు తెల్ల పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు. వేడి నీళ్లలో కరిగించి, బాగా చల్లారాక పోయండి. మిగిలింది ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. బెల్లం మంచిదే కదా అనుకోవద్దు. అందులోని ఇనుము మనకు మేలు, ఈ పిట్టకు చేటు. బ్రౌన్ షుగరూ వద్దు. తేనె కలిపిన నీళ్లు త్వరగా పులిసి బూజు పడతాయి. ఎర్ర రంగు కలపనే కలపకండి, ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు.

ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రోజూ, 80ల్లో రెండు రోజులకోసారి, 70ల్లో మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. చలికాలంలో కూడా వారం దాటనివ్వొద్దు. సీసా నిండుగానే ఉందని వదిలేయకండి. నీళ్లు మసకబారినా, తెల్లటి పోగులు తేలినా వెంటనే పారబోయండి. పాత నీళ్ల మీద కొత్తవి పోస్తే, తోడు వేసినట్టు అవీ పులుస్తాయి.

నీళ్లు మార్చిన ప్రతిసారీ కడగాలి. సీసా, అడుగు పళ్లెం, పూల ఆకారపు మూతులు, తేనెటీగలు దూరకుండా పెట్టిన పసుపు జాలీలు, అన్నీ ఊడదీయండి. సీసా తళతళలాడుతూనే ఉంటుంది. మూతి లోపలి అంచును వెలుతురుకు పెట్టి చూడండి, ఆవగింజంత నల్ల చుక్కలు కనిపిస్తే అది బూజే. పిట్ట నాలుక వెళ్లేది అందులోంచే. సీసాకు బాటిల్ బ్రష్, మూతులకు పైప్ క్లీనర్ (నూగు చుట్టిన సన్న తీగ) వాడి వేడి నీళ్లతో తోమండి. జిడ్డు వదలకపోతే ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్లలో గంటసేపు నానబెట్టండి. నల్ల బూజు పట్టినవాటిని గ్యాలన్ నీళ్లకు పావు కప్పు బ్లీచ్ కలిపి గంట ఉంచాలి. ఇది పెద్దవాళ్లే చేయాలి. బ్లీచ్‌లో వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత ధారగా పడే నీళ్ల కింద మూడుసార్లు కడిగి, తడి లేకుండా ఆరనివ్వండి.

తలకిందుల సీసా ఫీడర్ కారుతోందంటే ఎక్కువగా ఎండే కారణం. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లను బయటికి నెడుతుంది. నీడకు మార్చండి. కొత్తది కొనేవాళ్లు పళ్లెం రకం తీసుకోండి, కారదు, కడగడమూ తేలిక. చీమల కోసం తీగకు నూనె రాయొద్దు, రెక్కలకు అంటితే పిట్ట ఎగరలేదు. పైన నీళ్ల గిన్నె ఉన్న కొక్కెం దొరుకుతుంది, అది తగిలించండి.

ఇండియా ప్రయాణం ఉన్నవాళ్లు ఫీడర్ దించి, కడిగి, ఆరబెట్టి లోపల పెట్టి వెళ్లండి. మీరు లేనన్నాళ్లూ పూలతో, చిన్న పురుగులతో పిట్టలు బతుకుతాయి. పులిసిన నీళ్లు మాత్రం వాటికి మిగల్చకండి.

వచ్చే ఆదివారం పిల్లలతో ఫీడర్ మూతులు మాత్రం ఒక కవర్లో పంపండి. బూజు ఎక్కడ దాగుతుందో తరగతిలో చూపిస్తాం.

ప్రధానోపాధ్యాయులు