సూది గుచ్చే ముందు అడగండి, చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఏ ఫిజియోథెరపీ క్లినిక్ బోర్డు చూసినా ‘డ్రై నీడ్లింగ్’ అని కనిపిస్తోంది. మందేమీ ఎక్కించకుండా సన్నటి సూదిని కండరంలో బిగుసుకుపోయిన ముడిలోకి దించుతారు, సరైన చోట తగిలితే కండరం టక్కున అదురుతుంది, తర్వాత ఒకట్రెండు రోజులు సలుపు ఉంటుంది. కారెల్ లెవిట్ అనే చెక్ వైద్యుడు 1979లోనే దీని మీద వ్యాసం రాశారు. మెడ, భుజం నొప్పులకు చాలామందికి కొన్నాళ్లు ఉపశమనం దొరుకుతుంది, అది నేను కాదనను.

నా బాధల్లా వేరు. మా అమ్మ రక్తం పలచబడే మాత్రలు వాడుతుంది. భుజం నొప్పికని తీసుకెళ్తే ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనే కల్పించుకుని చెప్పాల్సి వచ్చింది. సూది ప్యాకెట్ మా ఎదురుగా విప్పలేదు, ట్రేలో విడిగా పడున్నవే తీశారు, వాడినవి దూదితోపాటు మామూలు చెత్తబుట్టలో వేశారు! వాడిన సూదుల్ని అవి పొడుచుకు బయటికి రాని గట్టి తెల్ల డబ్బాలోనే వేయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ బుట్ట ఎత్తే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటే ఎవరిది పూచీ?

భుజం పైన, వీపు మీద లోతు తప్పితే సూది ఊపిరితిత్తికి తగలొచ్చు. అరుదే, కానీ ఆ తర్వాత ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న మాట పేషెంటుకు ముందే చెప్పాలి కదా. ఫిజియోథెరపిస్టులకూ వర్తించే చట్టం 2021లో వచ్చింది. సూది పట్టుకోవడానికి ఎంత శిక్షణ ఉండాలో, పేషెంటు సంతకం ఎప్పుడు తీసుకోవాలో అధికారులు స్పష్టంగా రాసి ప్రతి క్లినిక్ గోడకూ అంటించేలా చూడాలి.

— ఒక పాఠకురాలు, విజయవాడ