నీ పత్రిక నాకు వినపడలేదు అబ్బీ

కడప,
ఆదివారం రాత్రి

అబ్బీ,

బాగున్నావా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లోడి పరీక్షలు అయిపోయాయా?

నీ పత్రిక మొదటి సంచిక లింకు శుక్రవారం సాయంత్రం అందింది. ఆఫీసు నుంచి వస్తూ ఏడు రోడ్ల దగ్గర ఆటోలో ఉండగా ఫోను మోగింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కాఫీ కూడా తర్వాత తాగుతానని చెప్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లు నువ్వు కలగన్న పత్రిక కదా, మొదట చదివినవాళ్లలో నేనుండాలని ఆశ. గంటసేపు తంటాలు పడ్డాను. ఒక్క కథ కూడా చదవలేకపోయాను. ఫోన్లో చెబితే నువ్వు బాధపడి మాట మారుస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నా కంప్యూటర్ మాట్లాడుతుందని నీకు తెలుసు, ఎలా మాట్లాడుతుందో ఎప్పుడూ చెప్పలేదు. నేను వాడేది ఎన్‌విడిఎ. నాలాగే చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది, అంటే తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. 2006లో పుట్టింది, ఉచితం. అది లేకపోతే నాకు ఈ ఉద్యోగమే లేదు. పేజీలో అక్షరాలుగా ఉన్నదాన్ని అది చదువుతుంది. బొమ్మగా ఉన్నదాన్ని చదవదు. నువ్వు కథలన్నీ అందంగా పేజీలు కట్టించి, ఫోటోలుగా పెట్టావు. మీ కళ్లకు అది కథ. నాకు మాత్రం "గ్రాఫిక్" అని ఒక్క మాట, ఆ తర్వాత ఫైలు పేరు, ఏవో అంకెలు. తొమ్మిది కథలకూ అదే మాట.

ఒక్క వ్యాసం మాత్రం పీడీఎఫ్‌గా ఉంది. ఇదైనా చదువుతుందని సంబరపడ్డాను. తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ, గుర్తులూ కలిసిన గోల వినిపించింది. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన మ్యాటర్ అది, వినగానే పోల్చుకున్నాను. తెర మీద 'క' కనిపిస్తుంది, లోపల మాత్రం అక్కడ ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరం. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఆ 'క' నిజంగా 'క' అయితేనే నాకు వినబడుతుంది, గూగుల్‌లో వెతికేవాడికీ దొరుకుతుంది.

బొమ్మల్లోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ఉంది కదా అంటావేమో. శనివారమంతా ఆ పనే చేశాను. రెండు కథలు బయటికొచ్చాయి. 'పాట' అన్నచోట 'వాట' వచ్చింది, వత్తులు చాలా చోట్ల ఎగిరిపోయాయి. కథ మధ్యలో ఆగి, ఇది రచయిత మాటా, యంత్రం తప్పా అని ఆలోచిస్తూ కూర్చుంటే కథ మీద మనసు నిలుస్తుందా?

నీ దగ్గర ఎప్పుడూ అనని మాట ఒకటి చెప్తాను. చిన్నప్పుడు మా అమ్మ పొద్దున్నే ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, వారపత్రిక తీసి సీరియల్ చదివి వినిపించేది. ఎంత బాగా చదివేదని! కానీ కొన్నిచోట్ల గొంతు తడబడేది, చప్పున రెండు పేజీలు తిరిగేవి. నేను వినకూడదనుకున్నవి దాటేస్తోందని నాకు తెలిసేది. అడిగితే "ఏంలేదు నాయనా" అనేది. పొయ్యి మీద నూనె కాగితే కథ అక్కడే ఆగిపోయేది. ఆమె ఓపిక ఎంత ఉంటే నా చదువు అంత. మొదటిసారి ఎన్‌విడిఎతో ఒక కథ నా అంతట నేను చదివిన రాత్రి, నచ్చిన వాక్యం దగ్గర ఆగి దాన్ని ఏడెనిమిది సార్లు విన్నాను. ఎవరినీ అడగక్కర్లేకుండా! ఆ రాత్రి ఏడ్చాను.

అందుకే, "నీకోసం విడిగా ఆడియో చేయించి పంపిస్తాలేరా" అని నువ్వు నిన్న పెట్టిన మెసేజ్‌కు జవాబివ్వలేదు. నీ ప్రేమ తెలుసు. ఆడియో నాకు ఇష్టమే, అందరికోసమూ పెడితే పెట్టు. కానీ ఆడియోలో అక్షరం తెలియదు. కొత్త మాట తగిలితే బాణం మీటతో ఒక్కో అక్షరం జరుపుతూ, అది 'శ'నా 'ష'నా, 'ల'నా 'ళ'నా అని చూసుకుంటాను. నా తెలుగు తప్పుల్లేకుండా ఉంటుందని నువ్వు మెచ్చుకుంటావే, అది అలా వచ్చిందే. ఒక వాక్యం నచ్చితే కాపీ చేసి నీకు పంపాలని ఉంటుంది. అందరూ చదివే పేజీనే, అదే రోజు నేనూ చదవాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కథను యూనికోడ్‌లో అక్షరాలుగా పెట్టు. కథ పేరును బోల్డ్ చేసి పెద్దగా రాస్తే చాలదు, 'హెడింగ్'గా పెట్టమని మీ వెబ్‌సైట్ కుర్రాడికి చెప్పు. నేను హెచ్ మీట నొక్కుతూ ఒక్కో పేరు మీదికి దూకుతాను, మీరు విషయసూచిక మీద కన్ను పరుగెత్తించినట్టు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాయమను. ఇప్పుడు ఇంగ్లిష్ అని ఉంది, అందుకని నా ఇంగ్లిష్ గొంతు తెలుగు అక్షరాల్ని మౌనంగా దాటేస్తోంది. కథ మధ్యలో వరసగా నక్షత్రం గుర్తుల గీత పెట్టావు చూడు, అక్కడ "ఇరవై స్టార్" అంటుంది, ఏడుపు సన్నివేశం తర్వాత. చందా ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో చెప్పే లేబుల్ లేదు. చివర్లో బొమ్మలో అక్షరాలు గుర్తుపట్టమంది. అక్కడ మా పాపను పిలవక తప్పలేదు.

వెబ్ పేజీలు నాలాంటివాళ్లకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే, డబ్ల్యుసిఎజి అని ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలున్నాయి. మొదటివి 1999లో వచ్చాయి, 2.2 వెర్షన్ 2023లో వచ్చింది. మన దేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఎలక్ట్రానిక్ మీడియాలో ఉన్నదీ మాకు అందే రూపంలో ఉండాలన్న మాటా ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమనే చెప్పింది. నీకు చట్టం చూపించాలని కాదు అబ్బీ. మన మధ్య అది ఎందుకు? నేను అడుగుతున్నది దయ కాదని నీకు తెలియాలని.

మన ఊళ్లోనే బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి, తాటాకుల్లో పురుగులు తింటున్న కావ్యాల్ని శుభ్రంగా రాయించాడు కదా. యర్రముక్కపల్లెలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది. మీ రచయితల కథల్ని అక్షరాలుగా ఎక్కించడం నాకు ఆ కోవలోని పనిలాగే అనిపిస్తుంది.

ఇంకొకటి. నీ ముఖచిత్రం ఏమిటని పాపను అడిగాను. "ఎండిపోయిన పెన్నలో ఒక అవ్వ చెలమ తవ్వి చెంబుతో నీళ్లు తోడుతోంది నాన్నా, పక్కన మేకపిల్ల చూస్తోంది" అంది. ఎంత మంచి బొమ్మ! ఆ ఒక్క వాక్యం బొమ్మ వెనక కోడ్‌లో రాసిపెడితే చాలు, నాలాంటి ప్రతివాడికీ ఆ అవ్వ కనబడుతుంది. ఇప్పుడది అంకెల ఫైలు పేరుగా ఉంది.

రెండో సంచిక పైకి ఎక్కించే ముందు నాకు పంపు. ఒక రాత్రి కూర్చుని మొత్తం విని చెప్తాను. ఎన్ని సార్లు పంపినా వింటాను.

ఈలోగా ఒక పని చెయ్. మూడో పేజీ కవితలో ఆఖరి నాలుగు పాదాలు ఓసీఆర్‌కు చిక్కలేదు, వెనక పువ్వుల డిజైన్ అడ్డమొచ్చింది. "వాన రాదని తెలిసీ" అన్నదాకా విన్నాను. ఆ తర్వాత ఏముందో టైప్ చేసి వాట్సాప్‌లో పెట్టు. పదకొండు దాకా మేలుకొనే ఉంటాను.

నీ
స్నేహితుడు