వంద శాతం ఉత్తీర్ణత అంటే ఎవరిలో వంద?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటర్ ఫలితాలు రాగానే ఒంగోలు బస్టాండు చుట్టుపక్కల గోడలు పారామెడికల్ కళాశాలల పోస్టర్లతో నిండిపోతాయి. రేడియోగ్రఫీ (ఎక్స్‌రే తీసే పని) డిప్లొమా, వంద శాతం ఉత్తీర్ణత, వంద శాతం ఉద్యోగాలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేను ముప్పై రెండేళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఆ వంద ఎవరిలో వందో కళాశాలలు చెప్పాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉదాహరణకు 40 మంది చేరారనుకోండి. 12 మంది మధ్యలో మానేశారు. మరో నలుగురికి హాజరు చాలలేదని హాల్ టికెట్ ఇవ్వలేదు. మిగిలిన 24 మంది రాశారు, 24 మందీ పాసయ్యారు. పోస్టరు మీద అది వంద శాతమే. చేరినవాళ్లలో లెక్కేస్తే 60 శాతం. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రికి కావలసింది ఈ రెండో లెక్క. అది ఏ పోస్టరు మీదా ఉండదు. ఉద్యోగాల మాటా అంతే. డిప్లొమా చేతికొచ్చాక మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడినవాణ్ణి కూడా ఉద్యోగస్తుడి కింద వేస్తే, ఆ చదువు దేనికి పనికొచ్చినట్టు?

మా అన్న మనవరాలు ఈ కోర్సు చదివింది. కళాశాల పేరు రాయను. ఫస్ట్ క్లాసులోనే పాసయింది. ఒక స్కాన్ సెంటర్‌లో చేరిన మొదటి వారంలోనే, నడుము నొప్పితో వచ్చిన ఒక పెద్దాయనకు పక్కకు తిప్పి వెన్నెముక ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది. మూడుసార్లు తీసింది. మూడూ పనికిరాలేదు. నాలుగోసారి సీనియర్ వచ్చి తీశారు. ఆ రాత్రి మా ఇంటికొచ్చి, "తాతా, రెండేళ్లలో నా చేత్తో తీసినవి పాతిక కూడా ఉండవు. మిగతావన్నీ వెనకాల నిలబడి చూసినవే" అని ఏడ్చింది. తెలివైన పిల్ల. కష్టపడే పిల్ల. ఇన్ని రాయి, ఇన్ని చదువు అన్నారుగానీ, నీ చేత్తో ఎన్ని తీశావని రెండేళ్లూ ఆ పిల్లను అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఆదివారాలు వచ్చి నన్నే మంచం మీద పడుకోబెట్టి పొజిషన్లు నేర్చుకుంటోంది.

మా రోజుల్లో తప్పు దాగేది కాదు. కిరణాలు ఎక్కువైతే డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ మాడినట్టు నల్లగా వచ్చేది, తక్కువైతే పాలిపోయేది. ఆ ఫిల్మ్ పట్టుకుని సీనియర్ ముందు నిలబడాల్సిందే. ఇప్పుడు డిజిటల్ యంత్రాల్లో బొమ్మను కంప్యూటరే సరిచేస్తుంది. అవసరానికి రెండింతలు కిరణాలు పంపినా బొమ్మ ఇంకా నున్నగా, చక్కగా కనబడుతుంది. కుదరని బొమ్మను ఒక మీట నొక్కి చెరిపేసి మళ్లీ తీయొచ్చు. గదిలో పనిచేసేవాళ్ల ఛాతీ మీద ఒంటికి తగిలిన కిరణాలను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, మూడు నెలలకోసారి దాని లెక్క వస్తుంది. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే కిరణాల కొలత) దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి మాకు పరిమితి పెట్టింది. రోగికి బ్యాడ్జీ లేదు, అలాంటి పరిమితీ లేదు. తీసేవాడి నేర్పే అతనికి కాపుదల.

మన ప్రాంతంలో ఈ నేర్పు మరీ అవసరం. చీమకుర్తి క్వారీల్లో రాతిదుమ్ము పీల్చినవాడు దగ్గుతో వస్తే, ఛాతీ ఎక్స్‌రేలో చిన్న చిన్న మచ్చలు కనబడాలి. మనిషి కాస్త పక్కకు తిరిగి నిలబడినా, ఊపిరి నిండా పీల్చి బిగబట్టకపోయినా ఆ మచ్చలు నీడల్లో కలిసిపోతాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒళ్లు బిగుసుకుపోయినవాళ్లకు ముంజేయి ఎక్స్‌రే తీస్తే, రెండు ఎముకల నడుమ ఉండే పొర సున్నం పట్టి గట్టిపడినట్టు కనబడుతుంది. తీయడంలో తేడా వస్తే డాక్టరు ఎంత గొప్పవాడైనా అది కనిపెట్టలేడు.

అమెరికాలో రేడియోగ్రఫీ కోర్సులకు గుర్తింపునిచ్చే జేఆర్‌సీఈఆర్‌టీ అనే సంస్థ ఉంది. దాని గుర్తింపు ఉన్న ప్రతి కళాశాలా మూడు అంకెలు ఏటా బహిరంగంగా ప్రకటించాలి. చేరినవాళ్లలో ఎందరు పూర్తిచేశారు, పూర్తిచేశాక ఆరు నెలల్లోపు వృత్తి పరీక్ష రాసినవాళ్లలో మొదటి ప్రయత్నంలోనే ఎందరు గట్టెక్కారు, ఉద్యోగం వెతుక్కున్నవాళ్లలో ఏడాదిలోపు ఇదే వృత్తిలో ఎందరు చేరారు. చివరి రెండూ అయిదేళ్ల సగటున 75 శాతానికి తగ్గకూడదు. అయిదేళ్ల సగటు పెట్టడం నాకు బాగా నచ్చింది. పదిమంది ఉన్న తరగతిలో ఇద్దరు తప్పితేనే అంకె 80కి పడిపోతుంది, ఒక్క ఏడాది చూసి మంచిచెడ్డలు తేల్చడం అన్యాయం. అంకెలతోపాటు విద్యార్థి పని నేర్చాడా, రోగితో మాట్లాడటం వచ్చా, ఇబ్బంది ఎదురైతే ఆలోచించగలడా అన్నవి కూడా అక్కడ కొలుస్తారు.

మన దగ్గరా దారి ఉంది. 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది, మా వృత్తి కూడా అందులో ఉంది. ఆ కమిషన్ ఏదైనా చేసేవరకు ఆగక్కర్లేకుండా మన రాష్ట్ర పారామెడికల్ బోర్డే మొదలుపెట్టొచ్చు. చేరినవాళ్ల వివరాలు, పరీక్ష ఫలితాలు బోర్డు దగ్గరే ఉంటాయి కాబట్టి కళాశాల చెప్పిన లెక్క నిజమో కాదో తేల్చడం కష్టం కాదు. లెక్క మాత్రం చేరిన రోజునుంచి మొదలవ్వాలి. పరీక్షకు కూర్చున్నవాళ్లనే లెక్కపెడితే చదువులో వెనకబడ్డ పిల్లలను హాల్ టికెట్ దగ్గరే ఆపేస్తారు.

ప్రతి విద్యార్థికీ లాగ్‌బుక్ ఉండాలి. ఛాతీ ఎన్ని, వెన్నెముక ఎన్ని, చిన్నపిల్లలవి ఎన్ని తన చేత్తో తీశాడో, అందులో మళ్లీ తీయాల్సినవి ఎన్నో సీనియర్ సంతకంతో ఉండాలి. యంత్రంలో చెరిపేసిన బొమ్మల లెక్క కూడా దొరుకుతుంది. అయితే ఒక్క మాట. మళ్లీ తీసినందుకు మార్కులు కోయడం, జరిమానా వేయడం చేయొద్దు. అలా చేస్తే పిల్లలు భయపడి పనికిరాని బొమ్మనే డాక్టరుకు పంపేస్తారు. ఎక్కడ తప్పుతున్నారో చూసి అది నేర్పడానికే ఆ లెక్క.

ఈ ఏటి ప్రవేశాలు మొదలయ్యేలోపు ఒంగోలు, నెల్లూరుల్లో ఈ కోర్సు నడిపే ప్రతి కళాశాలా గత అయిదేళ్లలో చేరినవాళ్లు, పూర్తిచేసినవాళ్లు, మొదటిసారే పాసయినవాళ్లు, ఏడాది తర్వాత ఎక్స్‌రే గదిలో పనిచేస్తున్నవాళ్లు ఎందరో తన గేటు దగ్గర రాసిపెట్టాలని, అది లేకుండా ప్రవేశాలకు బోర్డు అనుమతి ఇవ్వకూడదని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్,
టంగుటూరు, ప్రకాశం జిల్లా