అమ్మమ్మ చేతులు పచ్చబడ్డాయి

విశాఖపట్నం,
ఆదివారం, భోజనాలయ్యాక

ఒరేయ్ శొంఠీ,

తిట్లు తర్వాత. నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడింది, క్షమించు. ఫోనులో చెప్పేయొచ్చు కదా అంటావు. ఈ సంగతి ఫోనులో చెబితే నువ్వు మధ్యలో దూరి, నాటువైద్యం పనిచేస్తుందా లేదా అన్న మన పాత పందెం తీసి, పసుపు పేటెంటు కథ అందుకుంటావు. పసుపుతో గాయాలు మాన్పడానికి 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు, 1997లో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి కొట్టేయించింది, నాకు కంఠతా వచ్చు. ఉత్తరమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవాలి.

ముందు వార్తలు గబగబా. అమ్మ బాగుంది. చెల్లి ఉద్యోగం మారింది, జీతమూ పెరిగింది, గొంతూ పెరిగింది. సీతమ్మధార ఇంటి కప్పు ఈ వానలకు మళ్లీ కారింది. నా బదిలీ సంగతి తేలలేదు. కరక్కాయకు పెళ్లి కుదిరింది! ఎవరితో అని మాత్రం అడగకు, అది వేరే ఉత్తరం. ఇక అసలు సంగతికి వస్తాను, ఆగలేకపోతున్నాను.

మావయ్యకు పచ్చకామెర్లు వచ్చాయి.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నీరసం అన్నాడు, రిటైరయ్యాక అందరికీ ఉండేదే అనుకున్నాం. ఒక ఆదివారం కోడికూర వాసనకే కడుపులో తిప్పుతోందని లేచి వెళ్లిపోయాడు. మావయ్య! కోడికూర దగ్గర నుంచి! అప్పుడు అత్తయ్య దీపం వేసి కళ్లు చూసింది. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. మర్నాడే పరీక్షలు చేయిస్తే, ఒంటిని పచ్చగా చేసే బిలిరుబిన్ తొమ్మిది దాటింది, మామూలుగా ఒకటి లోపు ఉండాలి. హెపటైటిస్ ఈ అని తేలింది. నీళ్లలో వచ్చేదట. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి ఇరవై తొమ్మిది వేల మందికి కామెర్లు వచ్చాయే, అది కూడా ఇదేనని చాలా ఏళ్ల తర్వాత తేల్చారట. డాక్టరమ్మ చిన్న వయసు, కానీ నెమ్మదిగా కూర్చుని చెప్పింది. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు, విశ్రాంతి తీసుకోండి, మామూలు తిండి తినండి, చుక్క ముట్టకండి, సొంతంగా ఏ మాత్రా వేసుకోకండి, కొన్ని వారాల్లో కాలేయం తనంతట తానే కోలుకుంటుంది అంది. మగతగా ఉన్నా, మాట తడబడినా అర్ధరాత్రయినా సరే తీసుకురమ్మని మరీ మరీ చెప్పింది.

అత్తయ్య ఆటో ఎక్కగానే మొదలుపెట్టింది. "మందే లేదనే డాక్టరు డాక్టరెలా అవుతుంది?"

నవ్వకు. రోగం పెట్టుకుని ఉత్త చేతులతో ఇంటికి రావడం మామూలు కష్టం కాదురా. ఒక చీటీ, నాలుగు మాత్రలు, చేదుగా ఏదో ఒక సీసా ఇచ్చి ఉంటే అత్తయ్య అంతటితో ఊరుకునేది. ఇవ్వలేదు కాబట్టి పాలు పోసే ఆవిడ చెప్పిన మాట చెవికెక్కింది. అనకాపల్లి వెళ్లే దారిలో లోపలికి ఒక ఊరు ఉంది, అక్కడ ఒకాయన చేతులు కడిగి కామెర్లు దింపేస్తాడట. ఆదివారం పొద్దున్నే పరగడుపున వెళ్లాలి. ఊరి పేరు నీకు రాయను, రాస్తే నువ్వూ బయల్దేరతావు. 2021లో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నానికి ఏ బస్సు పోతుందని నన్ను అడిగింది ఎవరో ఈ ఉత్తరం చదివేవాడికి తెలుసు.

కారు నేను నడిపాను. మావయ్య వెనక సీట్లో కళ్లు మూసుకున్నాడు. అమ్మమ్మ తనంతట తానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "నా కొడుకు నోట్లో ఏం పోస్తాడో నేను చూడాలి" అంది. అత్తయ్య ముఖం చూడాల్సింది.

అమ్మమ్మ పుట్టిల్లు మాడుగుల అని నీకు గుర్తుందిగా. (హల్వా డబ్బా సంగతి నువ్వు మరిచిపోయినా నేను మరవను.) కొండ మీద నుంచి సంతకు దిగే గిరిజనుల పక్కన కూర్చుని ఏ వేరు ఏ వాసన వేస్తుందో చిన్నప్పుడే నేర్చుకున్న మనిషి. గిరిజన సహకార సంస్థ దుకాణంలో కుంకుడుకాయలు కొన్నా ఒకటి చితక్కొట్టి నురగ చూస్తే గానీ డబ్బులు తీయదు. అదే అమ్మమ్మ, డాక్టరమ్మ వద్దన్న రోజు నుంచి మావయ్యకు తిప్పతీగ కషాయం ఇవ్వడం ఆపేసింది. ముంబయి డాక్టర్లు 2021లో తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారట. కాదు, అదే పోలికతో ఉండే వేరే తీగ అయి ఉంటుందని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. అమ్మమ్మకు ఈ తగవుతో పని లేదు. "లంఘనం పరమౌషధం అన్నారు, మందుకు కూడా లంఘనం పెట్టొచ్చు" అని గిన్నె బోర్లించింది.

సరే, ఊరికి చేరాం. పెద్ద చింతచెట్టు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ బైకులు, ఆటోలు. జాతరే. వైద్యుడు తెల్లపంచె, మెత్తటి మాట, ఇంత ఇవ్వాలని ఎవరినీ అడగడు, పళ్లెంలో మీ ఇష్టం. నిజం చెప్పాలంటే నాకు మనిషి నచ్చాడు. మావయ్యను పీట మీద కూర్చోబెట్టి, రెండు చేతులకూ మోచేతి దాకా ఒక చిన్న ముంతలోంచి లేత గోధుమరంగు రసం పూశాడు. పెదవులు కదుపుతూ ఏదో చదివాడు. తర్వాత ఇత్తడి గిన్నె కోసం అవతలికి తిరిగాడు.

సరిగ్గా అప్పుడు అమ్మమ్మ లేచింది. "అయ్యో నా తండ్రీ, ఎంత చిక్కిపోయావురా!" అంటూ మావయ్య రెండు చేతులూ పట్టుకుని తన చేతుల్లో వేసి రాచింది, నిమిరింది, కళ్లకద్దుకుంది. ఆవిడ అంత గారాబంగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. మావయ్య కంగారు చూస్తే తనకు ఆఖరి గడియ వచ్చేసిందనే అనుకున్నాడు పాపం. నాకు మాత్రం ఇంకొకటి కనబడింది. కళ్లకద్దుకునే నెపంతో ఆవిడ అరచేయి వాసన చూసింది. తర్వాత చూపుడు వేలు నాలిక చివర తగిలించి పెదవులు బిగించింది. వగరు తగిలినప్పుడు ముఖం ఎలా అవుతుందో తెలుసుగా, అలా.

గిన్నె వచ్చింది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. మావయ్య చేతులు అందులో ముంచి కడుగుతుంటే, ఒరేయ్, కళ్ల ముందే నీళ్లు పచ్చగా మారిపోయాయి! వేళ్ల సందుల్లోంచి పచ్చటి చారలు దిగుతున్నాయి. "ఒంట్లో పసుపంతా దిగిపోతోంది, చూడండమ్మా" అన్నాడాయన. అత్తయ్య దణ్ణం పెట్టేసింది. నాకు కూడా ఒళ్లు గగుర్పొడిచింది, దాచను.

ఆయన ఆ నీళ్లు పారబోసి, తర్వాతి మనిషి కోసం కొత్త నీళ్లు పోశాడు. అమ్మమ్మ చటుక్కున వంగి తన చేతులు రెండూ గిన్నెలో పెట్టింది.

పచ్చగా అయ్యాయి.

"ఏమి నాయనా, నాకూ కామెర్లున్నాయా? మోకాళ్ల నొప్పులే అనుకున్నాను ఇన్నాళ్లూ."

చెట్టు కింద మాట లేదు. ఎక్కడో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు, ఎవరో వాడి నెత్తిన మొట్టారు. వైద్యుడు ఏదో అనబోయాడు. అమ్మమ్మ గొంతు పెంచలేదు, తాంబూలం వేసుకుంటూ మాట్లాడినంత తీరిగ్గా అంది. "ఇది సున్నపు తేట. రోజూ ఆకుకు సున్నం రాసుకునేదాన్ని, నాకు తెలియదా? ఆ ముంతలోది మామిడి చెక్క రసం. ఒంట్లో పసుపే దిగితే, పసుపులో సున్నం కలిస్తే ఏ రంగు రావాలి? దిష్టి నీళ్లు ఏ రంగులో ఉంటాయి? ఎర్రగా ఉండొద్దూ?"

అమ్మమ్మ! దిష్టి నీళ్లు! కాలేజీలో మనం చదివిన కెమిస్ట్రీ అంతా ఏ గంగలో కలిసింది చెప్పు. వంటింటి పసుపు వేరు, బిలిరుబిన్ వేరు, ఆ తర్కం నిలవదని నువ్వు గొణుగుతున్నావు, వినబడుతోంది. ఆ చెట్టు కింద మాత్రం బ్రహ్మాండంగా నిలిచింది. ఇంటికొచ్చాక చూశాను. మామిడి చెక్కలో వగరు టానిన్లతో పాటు మాంగిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. సున్నపు తేట క్షారం. రెండూ కలిస్తే పచ్చదనం వస్తుంది, రోగంతో పని లేదు. నీ చేతులు కడిగినా వస్తుంది. మొన్న చెల్లి చేతులతో చేసి చూశాం కూడా, ఆ రంగు గోళ్లకు పట్టి ఆఫీసులో అందరూ అడిగారని నా మీద అరిచింది.

ఇంత జరిగితే జనం లేచి వెళ్లిపోయి ఉంటారని అనుకుంటున్నావా? ఒక్కరు కదల్లేదు. "పెద్దావిడకు మతి చలించింది" అన్నారు. తర్వాతివాడు వచ్చి పీట మీద కూర్చున్నాడు.

ఇక్కడి నుంచి నవ్వులాట కాదు.

మేం తిరిగి వస్తుంటే చెట్టు మొదలుకు ఆనుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కడుపుతో ఉంది. ఎనిమిదో నెల అని పక్కనున్న అత్తగారు చెప్పింది. కళ్లు పసుపు ముద్దలు. అమ్మమ్మ పేరు అడిగితే చెప్పడానికి చాలాసేపు పట్టింది, చెబుతూనే రెప్పలు వాల్చేసింది. నాకు డాక్టరమ్మ మాట గుర్తొచ్చి కాళ్లు చల్లబడ్డాయి. ఇంకో ఇద్దరు అయితే మా వంతు వస్తుంది, కడిగించుకుని వెళ్తామంటుంది అత్తగారు. మొగుడు కుర్రాడు, ఎటూ తేల్చుకోలేక సెల్‌ఫోను వైపు చూస్తున్నాడు. అమ్మమ్మ ఆ అత్తగారి చేయి పట్టుకుంది. "మీ వంతు నేను కాపలా కాస్తానమ్మా, మీరు కారెక్కండి" అంది. నిజంగానే అక్కడే ఉండిపోయింది! మావయ్య, అత్తయ్య, అమ్మమ్మ ముగ్గురూ చెట్టు కింద, నేను వీళ్లను ఎక్కించుకుని పెద్దాసుపత్రికి. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఆ రద్దీలో హారన్ మీద నుంచి చేయి తీయలేదు. వెనక నుంచి ఆ కుర్రాడు "నిద్రపోకు, నిద్రపోకు" అంటూనే ఉన్నాడు.

చేర్చుకున్నారు. ఇదే హెపటైటిస్ ఈ, గర్భిణులకు ఆఖరి నెలల్లో వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణం పోతుందట. మావయ్యకు మంచం మీద విశ్రాంతితో పోయే జబ్బే ఆ పిల్లకు... సరే. నిన్న ఫోన్ చేశాను. తెలివిగా మాట్లాడుతోందట, ఇంకా ఆసుపత్రిలోనే ఉంచారు. ఇంకేమీ రాయలేను.

అంతకంటే నన్ను తినేస్తున్నది ఒకటుంది. ఆ వైద్యుడు మావయ్యకు ఏ హానీ చేయలేదు. చేతులు కడిగాడు, చప్పిడి పథ్యం చెప్పాడు, అంతే. తగ్గే జబ్బు తగ్గుతుంది, పేరు ఆయనకు వస్తుంది. ఎటొచ్చీ ఆ గిన్నె ముందు వంతు కోసం కూర్చున్న పూట ఉంది చూశావూ, అది ఎవరి లెక్కలో రాయాలో నాకు తెలియడం లేదు. అమ్మమ్మను అడిగితే "ఆయనతో నేను మాట్లాడాను" అంది. ఏం మాట్లాడావంటే, కామెర్ల పసరులో నూరేది ఏ నేలఉసిరి, కాడ ఆకుపచ్చగా ఉండేదా, ఎర్రగా ఉండేదా అని వాదించుకున్నారట! ఆకు కింద వరసగా ఉండే కాయలు చూపించి మరీ. కడుపుతో ఉన్నవాళ్లనూ, మగతగా ఉన్నవాళ్లనూ పీట ఎక్కించకుండా ఆసుపత్రికి పంపుతానని ఆయన చేత మాట తీసుకుందట. నిలబెట్టుకుంటాడా? ఏమో.

నేలఉసిరి అనగానే నువ్వు లేచి కూర్చుంటావని తెలుసు. డాక్టరమ్మను అడిగాను, నీ కోసమే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బీ మీద దాన్ని వాడి మంచి ఫలితం వచ్చిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకు అలాంటి ఫలితం రాలేదు. మళ్లీ ఆవిడే, సర్పగంధ వేరులోంచి తీసిన రిసర్పిన్ ఒకప్పుడు రక్తపోటుకు పెద్ద మందు అని కూడా చెప్పింది. కాబట్టి నువ్వు గెలిచావని ఎగరకు, నేను గెలిచానని నేనూ అనడం లేదు. మన పందెం రద్దు. బజ్జీల డబ్బు మాత్రం నువ్వే ఇవ్వాలి, అది వేరే పద్దు.

మావయ్యకు ఇప్పుడు బిలిరుబిన్ మూడుకు దిగింది. చేతులు కడిగినందుకే అంటాడు. అవునురా, అంతా చూశాక కూడా! అత్తయ్య మాత్రం అత్తగారు రహస్యంగా ఏదో వేరు అరగదీసి మజ్జిగలో కలిపి ఇచ్చిందని ఊరంతా చెబుతోంది. అమ్మమ్మ ఇచ్చింది బార్లీ నీళ్లు. ఆ మాట చెప్పనివ్వడం లేదు ఆవిడ, "దాన్ని అలాగే అనుకోనీ, ఇన్నేళ్లకు నా మీద కాస్త భయం వచ్చింది" అని.

పక్కింటి అబ్బాయి ఈ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు మీ ఊరే వస్తున్నాడు, ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. అప్పుడే కిందికొచ్చి పిలుస్తున్నాడు. సంచిలో నల్లేరు కాడలు ఉన్నాయి, పచ్చడికి, మీ అమ్మగారి కోసం అమ్మమ్మ పంపింది. చేతులకు నూనె రాసుకుని కోయమను, లేకపోతే రాత్రంతా దురద. కణుపుల దగ్గర విరిచి నార తీసేసి, బాగా వేగాక చింతపండు వేసి

వస్తున్నాన్రా బాబూ అని అరుస్తున్నాను, వాడు వినడం లేదు. మిగతాది మీ అమ్మగారికే తెలుసు. కరక్కాయ పెళ్లికి రా.

నీ,
బజ్జీ